సంగీత నాటకాల్లో జానపదానికి చోటేది?

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య నగరంలో ఒక సంగీత నాటకం చూశాను. నాయికా నాయకులు తొలిసారి కలిసే ఘట్టంలో సినిమా తరహా రికార్డు పాట పెట్టారు. నటులు పెదవులు కదిపారు. ఆ ప్రేమ ఎవరినీ తాకలేదు.

మన జానపదంలో, సంప్రదాయ నాటక కళల్లో పాటే కథను నడుపుతుంది. డోలు వాద్యంతో పాడుతూ చెప్పే తెలంగాణ ఒగ్గుకథనే చూడండి. మల్లన్న, గొల్ల కేతమ్మల కథలో ప్రధాన కథకుడే ఒక క్షణం మల్లన్న, మరుక్షణం కేతమ్మ. డోలు దెబ్బ మారితే చాలు, సరసం కాస్తా తగువవుతుంది. పక్కనున్న వంతగాళ్లు మధ్యలో ప్రశ్న వేస్తే మన మనసులోని సందేహమే బయటికి వచ్చినట్టుంటుంది. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ఎలాంటిదో ప్రవేశ దరువే, అంటే ఆమె రంగం మీదికి వస్తూ పాడే పాటే చెప్పేస్తుంది. ఆమె గర్వం, విరహం ముందు పాటలోనే తెలుస్తాయి, మాటలు ఆ తర్వాత! 1885లో మొదలైన సురభి నాటకాల్లోనూ నటులే పాడతారు, హార్మోనియం వాళ్ల ఊపిరిని బట్టి సాగుతుంది. ఆ బిగువు రికార్డు ట్రాక్ మీద రాదు.

భాషా సాంస్కృతిక శాఖకు నా మనవి ఒక్కటే. కొత్త సంగీత నాటకాలకు సాయం చేసేటప్పుడు ఒగ్గు, చిందు యక్షగాన కళాకారులను రిహార్సల్స్ మొదటి రోజు నుంచే, తగిన పారితోషికంతో తీసుకోవాలని షరతు పెట్టాలి. రవీంద్రభారతి మెట్ల మీద అతిథుల స్వాగతానికి డోలు కొట్టించి పంపేయడం ఆ కళాకారులకు అవమానం.

– ఒక నాటకాభిమాని, హైదరాబాద్