డెబియన్ 12లో పోయిన నెట్ తిరిగొచ్చింది, సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్

నెట్ వచ్చేసింది! రాత్రి పొద్దుపోయేదాకా ఓపిగ్గా జవాబులిచ్చిన అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇదే ఇబ్బందిలో ఇంకెవరైనా ఉంటే పనికొస్తుందని, జరిగింది కూడా రాస్తున్నాను.

డెబియన్ (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) 11 నుంచి 12కి అప్‌గ్రేడ్ ఎక్కడా ఆగకుండా పూర్తయింది. రీబూట్ చేశాక మాత్రం బ్రౌజర్‌లో ఒక్క పేజీ తెరుచుకోలేదు. కేబుల్ దగ్గర లైటు వెలుగుతోంది, ఐపీ అడ్రస్ వచ్చింది, అయినా ఏదీ పనిచేయదు. ఫోన్‌ని యూఎస్‌బీతో కలిపి దాని నెట్ ఇచ్చినా అంతే. కొత్త కెర్నల్‌లో (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం) నెట్‌వర్క్ డ్రైవర్ పోయిందేమో, పాత కెర్నల్‌తో బూట్ చేసి చూడమన్నారు కొందరు. మొత్తం తుడిచేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోమన్నవాళ్లూ ఉన్నారు. మంచి మనసుతోనే అన్నారు గానీ, ఆ మాటతో నా టెన్షన్ రెట్టింపైంది.

అప్పుడు మీలో ఒకరు కమాండ్లేవీ ఇవ్వకుండా అడిగారు: "9.9.9.9కి పింగ్ వెళ్తోందా?" అంటే, నెట్‌లో ఆ నంబరున్న సర్వర్ నుంచి జవాబు వస్తోందా అని. వెళ్తోంది. "మరి డెబియన్.ఆర్గ్‌కి?" వెళ్లట్లేదు, పేరు దొరకలేదని ఎర్రర్. "అయితే మీకు నెట్ ఉందండీ, డీఎన్‌ఎస్ లేదు." డీఎన్‌ఎస్ అంటే సైటు పేరుకి దాని ఐపీ నంబరు వెతికిచ్చే ఏర్పాటు. సగం భారం అక్కడే దిగిపోయింది. డ్రైవరు, కేబులు, రౌటరు అన్న అనుమానాలు ఒక్కసారిగా తీరిపోయాయి. ఫోన్ నెట్ ఎందుకు పనిచేయలేదో కూడా తెలిసింది. నెట్ ఎటునుంచి వచ్చినా, పేరు ఇచ్చి నంబరు కనుక్కోవాల్సింది ఈ మెషీనే కదా.

అసలు కారణం ఇది. పేర్లకి నంబర్లు కనుక్కునే సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ అనే సర్వీసు డెబియన్ 11లో, సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ ప్యాకేజీలోనే ఉండేది. 2023 జూన్‌లో వచ్చిన 12లో దాన్ని వేరే ప్యాకేజీ చేశారు. అప్‌గ్రేడ్ దాన్ని తనంతట తాను తెచ్చిపెట్టదు. పేర్ల కోసం ఏ సర్వర్‌ని అడగాలో రాసుండేది రిజాల్వ్.కాన్ఫ్‌లో; నాది అసలు ఫైలు కాదు, ఆ సర్వీసు రన్ డైరెక్టరీలో తయారుచేసే ఫైలుకి లింకు. రన్‌లో ఉండేదంతా మెమరీలోనే, రీబూట్‌తో ఖాళీ అవుతుంది. సర్వీసు లేదు కాబట్టి ఫైలూ లేదు, లింకు మాత్రం మిగిలింది. డెబియన్ 11లో ఈ సర్వీసు మామూలుగా ఆన్‌లో ఉండదు. నాలా కావాలని ఆన్ చేసుకున్నవాళ్లకే ఈ తంటా. రిలీజ్ నోట్స్‌లో ఈ సంగతి రాసిన పేరాని వెతికి పంపినవారికి ప్రత్యేకంగా థాంక్స్.

ఇక్కడే చెట్టు ముందా విత్తు ముందా అన్న పేచీ. ఆ ప్యాకేజీ తెచ్చుకోవాలంటే ఆప్ట్‌కి (ప్యాకేజీలు తెచ్చిపెట్టే కమాండ్) సర్వర్ పేరు దొరకాలి, పేరు దొరకాలంటే ప్యాకేజీ ఉండాలి. దీన్ని విడగొట్టిన పద్ధతి నాకు భలే నచ్చింది. ఆ ఉత్తుత్తి లింకుని తీసేసి, అదే పేరుతో మామూలు ఫైలు పెట్టి, అందులో "నేమ్‌సర్వర్ 9.9.9.9" అని ఒక్క లైను రాయించారు (అది ఎవరైనా వాడుకోగల డీఎన్‌ఎస్ సర్వర్). సర్వీసు ఊసే లేకుండా పేర్లు దొరకడం మొదలైంది. వెంటనే ఆప్ట్‌తో సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ ఇన్‌స్టాల్ చేశాను. లింకుని అది మళ్లీ తనే పెట్టేసుకుంది.

ఇన్‌స్టాల్ అయ్యాక రిజాల్వ్.కాన్ఫ్ తెరిస్తే 127.0.0.53 అని కనిపించింది, కంగారుపడ్డాను. అది ఈ మెషీన్‌లోనే ఉండి ప్రశ్నలు అందుకునే రిజాల్వ్‌డ్ అడ్రసనీ, అలాగే ఉండాలనీ నిద్రమత్తులోనే జవాబిచ్చిన పెద్దాయనా, మీకు వేరే దండం.