డిప్రెషన్ ఇంటిని ఏం చేస్తోందో కూడా కొలవాలి
డిప్రెషన్ పేరుతో ఆస్పత్రుల్లో అడిగే ప్రశ్నలన్నీ రోగి నిద్ర, ఆకలి, దిగులు చుట్టూనే తిరుగుతున్నాయి, ఇంట్లోవాళ్ల మధ్య మాటలు ఎంత తగ్గిపోయాయో అడిగేవాళ్లు లేరు. డిప్రెషన్ ఎంత ఉందో కొలవడానికి డాక్టర్లు ఎక్కువగా వాడే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిలో తొమ్మిది ప్రశ్నలయ్యాక అదనంగా ఒకటి ఉంటుంది, ఉద్యోగం, ఇంటి పనులు, నలుగురితో మసలడం ఎంత కష్టమవుతోందని మూడూ కలిపేసి. సంసారం సంగతి అందులో విడిగా తేలదు, పైగా ఆ జవాబూ రోగి చెప్పేదే. మా బంధువుల ఇంట్లో చూశాను, డిప్రెషన్‌తో ఉన్న ఆ ఇంటాయన రోజూ ఆఫీసుకు వెళ్లొస్తున్నాడు కాబట్టి బాగానే ఉన్నాడనుకున్నారు, కానీ ఇంటికొస్తే టీవీ ముందు కూర్చుని పలికేవాడు కాదు, భార్య అది తనమీద కోపమనుకుంది, అత్తగారు కోడలిదే తప్పంది, పదో తరగతి చదివే పిల్ల ప్రోగ్రెస్ కార్డు మీద సంతకానికి కూడా నాన్న దగ్గరికి వెళ్లడం మానేసింది. చికిత్స మొదలయ్యాక కూడా డాక్టరు ఆయన భార్యను అడిగిందల్లా మందులు వేసుకుంటున్నాడా అనే! ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనైనా, జిల్లా ఆస్పత్రుల్లోనైనా రోగి ఒప్పుకుంటే ఇంట్లో ఒకరిని విడిగా కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడగాలి: కలిసి తింటున్నారా, గొడవలు ఏమాత్రం జరుగుతున్నాయి, పిల్లలు దగ్గరికి వెళ్తున్నారా, చూసుకునే మనిషికి నిద్ర పడుతోందా. మూడు నెలలకు అవే మళ్లీ అడిగితే ఇల్లు కుదుటపడుతోందో లేదో తెలుస్తుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఇంట్లోవాళ్లు కూడా ఫోన్ చేయొచ్చని మందుల చీటీ మీదే రాసివ్వాలి.
– ఒక పాఠకురాలు, ఖమ్మం