ఇంజిన్ మార్చిన జీపు అదిరితే రబ్బర్లు కాదు, కోణాలు చూడాలి

సంపాదకులకు,

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పాత ఫోర్ బై ఫోర్ జీపులకు, జిప్సీలకు వేరే డీజిల్ ఇంజిన్ ఎక్కించడం కొత్తేమీ కాదు. ఇంజిన్ కూర్చుంటుంది, స్టార్టవుతుంది, బాగానే లాగుతుంది. అరవై దాటగానే కాళ్ల కింద ఫ్లోరు అదరడం, అద్దంలో వెనక బండి మసకబారడం మొదలవుతాయి. ఇక ఓనరు జేబుకు చిల్లే. ముందు ఇంజిన్‌ను మోసే ఫౌండేషన్ రబ్బర్లు మారుస్తారు, తర్వాత ఇంజిన్ నుంచి ఇరుసుకు శక్తిని చేర్చే పైపు (షాఫ్టు) చివర్ల కీళ్లు, అంటే క్రాసులు, ఆ తర్వాత టైర్ల బ్యాలెన్సింగ్, చివరకు క్లచ్ ప్లేటు. అదురు మాత్రం ఎక్కడిదక్కడే. ఎవరూ ఏదీ కొలవకపోవడమే దీనికి కారణం. ఇంజిన్ మార్చే షాపులు బండి అప్పగించేటప్పుడు షాఫ్టు కోణాలు రాసివ్వాలని, ఓనర్లు అడిగి తీసుకోవాలని చెప్పడానికే ఈ ఉత్తరం.

అదురు దేనిదో తేల్చడానికి పైసా ఖర్చు లేదు. రోడ్డు మీద ఏ ఆర్‌పీఎం దగ్గర అదిరిందో, బండి నిలబెట్టి న్యూట్రల్‌లో అదే ఆర్‌పీఎం దాకా రేజ్ చేసి పట్టి ఉంచండి. నిలబడ్డ బండే అదిరితే తప్పు ఇంజిన్, ఫ్లైవీల్, క్లచ్, ఫౌండేషన్లలో ఉన్నట్టు. నిలబడ్డప్పుడు నిమ్మళంగా ఉంటే, చదునైన ఖాళీ రోడ్డు మీద అదే స్పీడుకు వెళ్లి న్యూట్రల్ చేసి వదలండి (శ్రీశైలం ఘాట్‌లో మాత్రం ఈ పరీక్ష వద్దు). ఇంజిన్ స్లో అయినా అదురు పోలేదంటే అది షాఫ్టుదో చక్రాలదో. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే మాయమై తొక్కగానే మళ్లీ వస్తే, లోడు పడ్డప్పుడు పినియన్ (షాఫ్టు చివర ఇరుసులోకి దిగే గేరు) కోణం మారుతోందని అనుమానించాలి. దమ్ము చేసిన మడిలో దిగి వచ్చిన బండయితే వీటన్నిటికంటే ముందు రిమ్ముల లోపల ఎండిన రేగడి గీకి కడగండి. ఆ మట్టి ఒక్కటి చాలు స్టీరింగు కొట్టుకోవడానికి.

మరి అందరూ రబ్బర్లనే ఎందుకు తప్పుపడతారు? 235/75 ఆర్15 టైరు చుట్టుకొలత దాదాపు 2.3 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి సుమారు 580 చుట్లు తిరుగుతుంది. క్రౌన్ రేషియో (చక్రం ఒక చుట్టుకు షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో) 4.88 అయితే షాఫ్టు 2,830 చుట్లు, అంటే సెకనుకు 47. బ్యాలెన్స్ తప్పిన షాఫ్టు చుట్టుకు ఒకసారి కొడుతుంది. కోణం తప్పినది చుట్టుకు రెండుసార్లు, సెకనుకు 94 సార్లు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లోనూ క్రాంకు చుట్టుకు రెండుసార్లు ఫైరింగ్ జరుగుతుంది. డైరెక్ట్ గేరులో ఇంజినూ షాఫ్టూ ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి రెండు అదుర్లూ ఒకే మోతగా వినిపిస్తాయి. పాపం రబ్బర్లు బలైపోతాయి.

అసలు కథ క్రాసు దగ్గర ఉంది. వంగి తిరిగే క్రాసు వేగాన్ని సమంగా పంపదు. కోణం 3 డిగ్రీలుంటే తేడా అటూ ఇటూ 0.14 శాతమే, 10 డిగ్రీలుంటే ఒకటిన్నర శాతం. రెండో క్రాసు కూడా అంతే కోణంలో ఉండి, షాఫ్టు రెండు చివర్లా క్రాసును పట్టుకునే చెవులు ఒకే వరుసలో ఉంటేనే మొదటిది చేసిన తేడాను రెండోది సరిచేస్తుంది. స్ప్లైన్ (షాఫ్టు పొడవు పెరిగి తగ్గేలా జారే పళ్ల అతుకు) ఊడదీసినప్పుడు గుర్తు పెట్టుకోకుండా ఒక పన్ను అటోఇటో బిగించినా ఆ వరుస తప్పుతుంది. కాబట్టి విప్పే ముందే పెయింటుతో గీత గీయండి.

కొత్త ఇంజిన్ సంపు (అడుగున ఉండే ఆయిల్ తొట్టి) ముందు హౌసింగ్‌కు (ఇరుసు గొట్టానికి) తగలకుండా మన దగ్గర ఇంజిన్ ముందుభాగం పైకి లేపుతారు. అప్పుడు తోక కిందికి దిగుతుంది, ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె) కోణం మారుతుంది, వెనక పినియన్ మాత్రం పాత కోణంలోనే ఉండిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి అయస్కాంతం ఉన్న డిజిటల్ యాంగిల్ గేజి చాలు. బండి చదును నేల మీద తన టైర్ల మీదే నిలబడి ఉండాలి. చాసిస్‌కు జాకీ పెట్టి లేపి కొలిస్తే కమాన్లు (బరువు మోసే పట్టీ స్ప్రింగులు) వేలాడి లెక్కంతా తప్పుతుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ ఔట్‌పుట్, షాఫ్టు పైపు, పినియన్ ఎంత వాలి ఉన్నాయో మూడూ కొలవండి. ఔట్‌పుట్ వెనక్కి 5 డిగ్రీలు, పైపు 8 డిగ్రీలు వాలితే ముందు క్రాసు కోణం 3. పినియన్ కూడా 5 దగ్గర ఉంటే వెనకదీ 3 అవుతుంది. అదే పినియన్ 1 దగ్గర ఉంటే వెనక క్రాసు కోణం 7కి పోతుంది, అదురు ఖాయం. రెండు క్రాసుల మధ్య తేడా ఒక డిగ్రీ దాటకూడదు. ఒక్కో క్రాసుకు 1 నుంచి 3 డిగ్రీలు మంచిది. 3,000 ఆర్‌పీఎంలో తిరిగే షాఫ్టుకు 6 లోపు ఉండాలి. సున్నా కూడా పనికిరాదు, క్రాసు బేరింగులోని సూదులు కదలక ఒకేచోట గాడి పడుతుంది. స్టీరింగు బాక్సు కోసం ఇంజిన్‌ను పక్కకు జరిపి ఉంటే పై నుంచి చూసే కోణం కూడా లెక్కలోకి వస్తుంది. నిలువున 3, అడ్డంగా 4 ఉంటే అసలు కోణం 5.

కమాన్ల బండికి ఇంకో చిక్కుంది. కొత్త డీజిల్ టార్కుకు కమాను మెలిపడి పినియన్ ముక్కు పైకి లేస్తుంది. అందుకని నిలబడ్డప్పుడు ముక్కును ఔట్‌పుట్‌కు సరిపోయే కోణం కంటే ఒకటి రెండు డిగ్రీలు కిందికే ఉంచాలి. సరిచేయడానికి కమానుకు, హౌసింగ్‌కు మధ్య వాలు ప్లేటు పెడతారు. అది ఉక్కుదై ఉండాలి, అల్యూమినియందైతే నలిగి యూ బోల్టులు వదులవుతాయి. వంద కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించండి. ముక్కు మరీ ఎత్తితే పినియన్ ముందు బేరింగుకు ఆయిల్ అందదు. ముందు హౌసింగ్‌కు ఈ ప్లేట్లు పెట్టొద్దు, కాస్టర్ (స్టీరింగు ఇరుసు వాలు) మారి స్టీరింగు నిలవదు. అక్కడ కోణం ఎక్కువైతే ఒక చివర రెండు క్రాసులుండే డబుల్ క్రాసు షాఫ్టే దారి. ముందు చక్రాలను ఇరుసు నుంచి విడదీసే ఫ్రీ వీల్ హబ్బులు లేని బండిలో టూ వీల్‌లో నడిపినా ముందు షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది. అనుమానముంటే దాన్ని విప్పి పక్కన పెట్టి నడిపి చూడండి. జిప్సీకి గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేస్ విడివిడిగా ఉంటాయి కాబట్టి మధ్యలోని చిన్న షాఫ్టు కోణాలూ చూడాల్సిందే.

నిలబడ్డ బండే అదిరితే ఇంజిన్‌ను గేరుబాక్సుకు కలిపే అడాప్టర్ ప్లేటును అనుమానించండి. బోల్టులు బిగించడానికే, సెంటరు చూపించేవి డోవెల్ పిన్నులు. అవి లేకుండా బిగిస్తే గేరుబాక్సు షాఫ్టు క్రాంకు సెంటరుకు పక్కన పడుతుంది. క్రాంకు చివర ఉండే పైలట్ బేరింగు అరుస్తుంది, గేరు జారుతుంది, క్లచ్ ప్లేటు హబ్బు విరుగుతుంది. ఫ్లైవీల్‌కు డయల్ గేజి బిగించి క్లచ్‌ను కప్పే బెల్ హౌసింగ్ రంధ్రం చుట్టూ తిప్పితే ముల్లు 5 థౌ, అంటే 0.13 మిల్లీమీటర్లు, దాటకూడదు. ఒక ఇంజిన్ ఫ్లైవీల్ ఇంకోదానికి బిగించడమూ ఇలాంటిదే, కొన్ని క్రాంకుల బ్యాలెన్స్‌లో కొంత భాగం ఫ్లైవీల్‌లోనే ఉంటుంది.

షాఫ్టు కోసి పొట్టి చేస్తే లేత్ మీద పట్టి వెల్డింగ్ చేయాలి. ఆ తర్వాత రెండు చివర్లా మెషిన్ మీద తిప్పి బ్యాలెన్స్ చేయించాలి. కత్తి అంచు మీద పెట్టి చూసే బ్యాలెన్స్ దీనికి సరిపోదు.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజిన్ మార్పుకు రిజిస్టరింగ్ అధికారి అనుమతి కావాలి. అన్ని మార్పులకూ అది దొరకదు కాబట్టి ఇంజిన్ కొనకముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి.

ఐటీఐల్లో మోటారు మెకానిక్ ట్రేడు పిల్లలకు ఈ కోణాల కొలత ఒక ప్రాక్టికల్‌గా చేయించాలి. షాపులు ఇచ్చే బిల్లు వెనక ఔట్‌పుట్, పైపు, పినియన్ కోణాలు, డయల్ రీడింగు, స్ప్లైన్ అటూ ఇటూ ఎంత జారగలదో రాసి ఉండాలి. షాఫ్టు బ్యాలెన్సింగ్ స్లిప్పు దానికి పిన్ను కొట్టి ఇవ్వాలి.

– ఒక గ్యారేజీ మెకానిక్, దేవరకొండ, నల్లగొండ జిల్లా