దహా అంటే మన ‘ఇంకా’

ఒరేయ్ శీనూ,

టర్కిష్‌లో ‘దీనికంటే అది పెద్దది’ అనే పాఠం దగ్గర ఆగిపోయానని రాశావు. పుస్తకంలో పట్టికలు చూసి టెన్షన్ పడి ఉంటావు. ఇంగ్లీషు మీదుగా వెళ్తేనే ఇది కష్టం రా, తెలుగులోంచి నేరుగా వెళ్లు.

నాకిది ఇస్తాన్‌బుల్‌లో టీ కొట్లో తెలిసింది. నడుము సన్నగా ఉండే చిన్న గ్లాసు, సాసర్‌లో రెండు పంచదార బిళ్లలు. గ్లాసు ఖాళీ కాగానే ట్రే పట్టుకున్న పెద్దాయన వచ్చి “బిర్ చాయ్ దహా?” అన్నాడు. బిర్ అంటే ఒకటి. ఇంకో టీ కావాలా అని! అప్పటిదాకా దహా అంటే ‘ఎక్కువ’ అని బట్టీ పట్టాను. కాదు, అది మన ‘ఇంకా’. దహా ఉజుజ్ అంటే ఇంకా చవక. దహా గెల్మెది అంటే ఇంకా రాలేదు. మూడు చోట్లా మన మాట ఎలా అతికిందో చూడు! ఆ రెండో గ్లాసు ఎంత సంతోషంగా తాగానో.

ఇక ‘కంటే’కి పేరు చివర దన్ గానీ దెన్ గానీ తగిలిస్తారు. దాని అసలు అర్థం ‘నుంచి’. ‘ఇస్తాన్‌బుల్ అంకారాదన్ బుయుక్’ అంటే ఇస్తాన్‌బుల్ అంకారా కంటే పెద్దది. (1923 నుంచి రాజధాని అంకారాయే, పెద్ద ఊరు మాత్రం ఇదే.) మాటల వరస అచ్చం మనదే. బుయుక్ ముందు దహా పెట్టినా తప్పులేదు, మానేసినా తప్పులేదు. ఇజ్మిర్ అయితే ఇజ్మిర్‌దెన్. ముందున్న అచ్చును బట్టి మారుతుంది. మనం హరికి, గురువుకు అనమా, అలాగే. ప, త, క లాంటి హల్లుతో ముగిస్తే ద కాస్తా త అవుతుంది, అది వింటూ ఉంటే వచ్చేస్తుంది.

‘అంత’కి కదర్. బెనిమ్ కదర్ అంటే నా అంత. బెనిమ్ అంటే ‘నా’యే మరి! అన్నిటికంటే పెద్దది అనాలంటే ముందు ఎన్ పెట్టు: ఎన్ బుయుక్. అంతే.

నాకు బాగా నచ్చింది ఇంకోటి ఉంది. మావి అంటే నీలం, మస్‌మావి అంటే ముదురుగా, నిండుగా నీలం. బెయాజ్ తెలుపు, బెమ్‌బెయాజ్ తెల్లతెల్లగా. మన పట్టపగలు, చిట్టచివర, బట్టబయలు గుర్తొచ్చాయా? మొదటి ముక్కనే ముందుకు తెచ్చి బలం పెంచడం. ఇస్తాన్‌బుల్ మధ్యగా పోయే బాస్ఫరస్ జలసంధి ఒడ్డున నిలబడి మస్‌మావి అనుకున్నప్పుడల్లా మనవాళ్ల మాటే వినిపిస్తుంది.

ఈసారి రాసేటప్పుడు మీ ఇంట్లో ఎవరు ఎవరికంటే పొడుగో టర్కిష్‌లో రాయి. పొడుగుకి ఉజున్. తప్పులు నేను దిద్దుతాను. అమ్మకి నమస్కారాలు చెప్పు.

నీ
రవి