మడత పనిముట్టు డిజైన్ లోపాలపై ఒక బోరు మోటారు మెకానిక్ ఫిర్యాదు

నుండి:
బోరు మోటార్ల మెకానిక్,
కదిరి ప్రాంతం, శ్రీ సత్యసాయి జిల్లా, ఆంధ్రప్రదేశ్.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి, డిజైన్ విభాగం వారికి,

విషయం: మీ పద్దెనిమిది పనుల మడత పనిముట్టులో లాక్ లేని స్క్రూ డ్రైవర్ వల్ల జరిగిన గాయం, "షాక్ ప్రూఫ్" అనే తప్పుడు రాత, ఇతర డిజైన్ లోపాల గురించి.

అయ్యా,

కటింగ్ ప్లేయర్, కత్తి, స్క్రూ డ్రైవర్లు అన్నీ ఒకదాంట్లోనే మడిచిపెట్టే మీ కంపెనీ పనిముట్టును ఈ సంక్రాంతికి ముందు ఆన్‌లైన్‌లో రూ.2,499 పెట్టి కొన్నాను. పని మధ్యలో దాని స్క్రూ డ్రైవర్ మడతపడి, నా దగ్గర పని నేర్చుకుంటున్న మా అక్క కొడుకు చూపుడు వేలు తెగింది. పనిముట్టును మీ సర్వీస్ సెంటర్‌కు పంపితే "అవసరానికి మించి బలం వాడారు, వారంటీ వర్తించదు" అని ఒక ముక్క రాసి తిప్పి పంపారు. ఆ జవాబును నేను ఒప్పుకోను. వాడకంలో తప్పు లేదు, డిజైన్‌లోనే ఉంది. అది ఎక్కడెక్కడ ఉందో వివరంగా రాస్తున్నాను. ఈ ఉత్తరాన్ని కస్టమర్ కేర్ దగ్గరే ఆపేయకుండా, ఆ పనిముట్టును గీసి తయారుచేసిన ఇంజనీర్ల చేతికి ఇవ్వండి.

నా పని ఏమిటో ముందు చెప్పాలి. మా వైపు బోర్లు వందల అడుగుల లోతు. మోటారు ఆగిందని రైతు ఫోన్ చేస్తే బండేసుకుని పొలానికే పోవాలి. వ్యవసాయానికి పగలు ఇచ్చే తొమ్మిది గంటల కరెంటులోనే ఆయన తడి పెట్టుకోవాలి. కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్) కాలినా, ఓవర్‌లోడ్ రిలే (భారం ఎక్కువైతే మోటారును ఆపేది) మాటిమాటికీ ట్రిప్ అవుతున్నా, చివరికి ఒక వైరు లూజైనా ఆ రోజు తడి పోయినట్టే. శనక్కాయ ఊడలు దిగే టైములో ఒక తడి తప్పితే కాయ మీద దెబ్బ పడుతుంది. పెద్ద టూల్ కిట్ సంచి కట్టుకుని గట్ల మీదా ఇసుకలోనూ బండి నడపడం తేలిక కాదు. జేబులో పట్టే మంచి పనిముట్టు ఒకటుంటే స్టార్టర్ డబ్బా తెరిచి లోపం ఎక్కడుందో చూసేదాకా దాంతోనే గడిచిపోతుంది. అందుకే కొన్నాను. మీ పెట్టె మీద కూడా ఎలక్ట్రికల్ ప్యానెల్ ముందు నిలబడి స్క్రూ బిగిస్తున్న మనిషి బొమ్మే వేశారు. అలాంటప్పుడు "ఇది ఇంట్లో చిన్నాచితకా పనులకే సార్" అని మీ వాళ్లు ఫోన్‌లో చెప్పిన మాట చెల్లదు.

ఆ రోజు జరిగింది ఇది. స్టార్టర్ డబ్బాలో కాంటాక్టర్ టెర్మినల్ (వైరు బిగించే చోటు) ఒకటి వేడికి నల్లబడి ఉంది. మెయిన్ దించి, మూడు ఫేజులకూ టెస్టర్ పెట్టి చూసుకున్నాకే మావాడు స్క్రూ మీద మీ డ్రైవర్ పెట్టాడు. పట్టేసిన స్క్రూ ఊడాలంటే లోపలికి నొక్కుతూ తిప్పాలి. ఈ పని చేసే ఎవరినడిగినా అదే చెబుతారు. ఆ నొక్కుడు కాస్త పక్కకు పడగానే డ్రైవర్ టక్కున వెనక్కి మడతపడింది. డ్రైవర్‌కూ పిడి రేకు అంచుకూ మధ్య వేలు ఇరుక్కుని, రెండో కణుపు దగ్గర లోతుగా తెగింది. కదిరి తీసుకెళ్లి కుట్లు వేయించాం.

అది ఎందుకు మడతపడిందో సందులోంచి టార్చి వేసి చూస్తే తెలిసిపోతుంది. మీ కత్తికి లాక్ ఉంది. కత్తి తెరవగానే ఒక పలుచటి స్ప్రింగు రేకు దాని మొదలు కిందికి జరిగి, తిరిగి మడవకుండా ఆపుతోంది. స్క్రూ డ్రైవర్లకు ఆ రేకు లేదు. వీపు వైపు స్ప్రింగు ఒత్తిడి ఒక్కటే వాటిని నిలబెడుతోంది. కత్తితో కోసేటప్పుడు బలం చాలావరకు దాన్ని తెరుచుకునే వైపే నెడుతుంది. స్క్రూ డ్రైవర్ సంగతి వేరు, దాని మీద బలం ఏ పక్క నుంచైనా పడుతుంది. కాబట్టి లాక్ కత్తికి ఎంత అవసరమో డ్రైవర్‌కు అంతకంటే ఎక్కువ అవసరం. దానికే మీరు పెట్టలేదు. లాక్ పెట్టాలంటే ఇంకో రేకు, దానికి కొంత చోటు కావాలి. ఆ చోటు మీ దగ్గర లేక కాదు. సీసా మూత తీసేది, చేప పొలుసు గీకేది, నాలుగు సెంటీమీటర్ల స్కేలు, వీటికి ఇచ్చేశారు.

రెండో సంగతి ఇంకా పెద్దది, దీని గురించి నాకు చాలా భయంగా ఉంది. పెట్టె మీద ఎర్రటి అక్షరాలతో "షాక్ ప్రూఫ్ గ్రిప్" అని రాశారు. పిడికి రెండు పక్కలా అతికించిన పలుచటి రబ్బరు పట్టీలు తప్ప అందులో ఇంకేమీ లేదు. రివెట్ల తలలు రెండు చివర్లా బయటికి కనిపిస్తున్నాయి. ప్లేయర్ నోటి దగ్గర మొదలైన ఉక్కు చేతి వేళ్లు ఆనే రేకు అంచుల దాకా ఎక్కడా తెగకుండా ఒకటే. మా పనిలో తగిలేది 415 వోల్టుల త్రీ ఫేజ్ కరెంటు. కాళ్ల కింద తడి మడి ఉంటుంది, చాలామంది రైతులు చెప్పులు గట్టున వదిలి దిగుతారు. ఫ్యూజు పోతే మెకానిక్ కోసం ఆగకుండా వాళ్లే డబ్బా తెరుస్తారు. మీ పెట్టె మీద ఆ రెండు మాటలు చదివిన రైతు మెయిన్ దించకుండానే ప్లేయర్ పెడితే ఆ ప్రాణానికి ఎవరు జవాబు చెబుతారు?

కరెంటు ఉన్న తీగల మీద వాడే చేతి పనిముట్లకు ఐఈసీ 60900 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉందని మీకు తెలియనిది కాదు. ఆ ప్రమాణానికి సరిపోయిన వాటి మీద రెండు త్రికోణాల గుర్తు, 1000 వోల్టుల ముద్ర ఉంటాయి. 10,000 వోల్టుల దగ్గర పరీక్షకు నిలబడితేనే ఆ ముద్ర పడుతుంది. మీ పనిముట్టు మీద ఆ గుర్తు లేదు. లోపలి భాగాలన్నీ బయటికి మడతపడే ఉక్కు పనిముట్టుకు అలాంటి రక్షణ ఇవ్వడం చాలా కష్టమని నేనూ ఒప్పుకుంటాను. ఇవ్వలేనప్పుడు "కరెంటు ఉన్న తీగల మీద వాడరాదు" అని తెలుగులో, హిందీలో, ఇంకా మీరు అమ్మే ప్రతిచోటి భాషలో పెట్టె ముందువైపే రాయాలి. రబ్బరు పట్టీ జారకుండా పట్టు కోసమైతే పట్టు కోసమనే చెప్పండి.

ఇక స్క్రూ డ్రైవర్ కొనల గురించి. మీ మైనస్ డ్రైవర్ కొన ఉలి అంచులా సన్నబడుతూ పోయింది. గాడిలో అడుగుదాకా నిండుగా కూర్చోదు. తిప్పిన కొద్దీ పైకి ఎగదన్ని గాడి అంచుల్ని తినేస్తోంది. కాంటాక్టర్ టెర్మినల్ స్క్రూల తలల మీద చాలావరకు మైనస్ గాడీ, ప్లస్ గాడీ కలిసే ఉంటాయి. మంచి డ్రైవర్ పడితే గట్టిగా బిగుస్తాయి. పడకపోతే బిగిసినట్టే అనిపించి లూజుగా మిగులుతాయి. లూజు టెర్మినల్ వేడెక్కుతుంది, మసి కడుతుంది, ఒకరోజు ఆ ఫేజు పోతుంది. రెండు ఫేజుల మీద మోటారు గుర్రుమంటూ ఉండిపోతుంది, రిలే సమయానికి పడకపోతే వైండింగు (మోటారు లోపలి రాగి తీగ చుట్ట) కాలుతుంది. అప్పుడు పైపులన్నీ ఎత్తి మోటారు బయటికి తీయాలి, మళ్లీ వైండింగు చేయించాలి, మళ్లీ దించాలి. సగం మిల్లీమీటరు తేడాలో గీసిన కొన రైతు నెత్తిన వేల రూపాయల ఖర్చు పెడుతుంది.

ప్లస్ కొనదీ అదే కథ. మన బైకుల ఇంజన్ కవర్ల మీద, ముఖ్యంగా జపాన్ కంపెనీల డిజైన్‌తో వచ్చిన పాత బళ్ల మీద, జపాన్ ప్రమాణం ప్లస్ స్క్రూలు ఉంటాయి. చూడ్డానికి మామూలు ఫిలిప్స్ స్క్రూ లాగే ఉన్నా ఫిలిప్స్ కొన దాంట్లో పూర్తిగా దిగదు, జారి తల పాడు చేస్తుంది. భారతదేశంలో అమ్మే పనిముట్టులో ఈ సంగతి ముందే ఆలోచించి ఉండాల్సింది. పైగా మీ ప్లస్ కొన కొద్ది వాడకానికే గుండ్రంగా అరిగింది. మార్చుదామంటే బిట్ (ఊడదీసి మార్చుకునే కొన) చదునుగా, మీ పనిముట్టుకు మాత్రమే సరిపోయే ఆకారంలో ఉంది. విడిగా మీరు అమ్మరు. బజారులో దొరికే బిట్లు 6.35 మిల్లీమీటర్లు, అంటే పావు అంగుళం, ఆరు పలకలవి. కదిరిలో హార్డ్‌వేర్ షాపుకు పోతే తక్కువ ధరకే ఇస్తారు. పిడి చివర ఆ కొలతతో ఒక సాకెట్ పెట్టి ఉంటే మీ స్క్రూ డ్రైవర్ల సమస్య సగం తీరిపోయేది.

పిడి గురించి కూడా రాయాలి. ప్లేయర్ గట్టిగా నొక్కినప్పుడు వంచిన రేకు అంచులు నేరుగా అరచేతిలో దిగుతున్నాయి. మేము రోజూ వాడే ఎనిమిది అంగుళాల కటింగ్ ప్లేయర్‌కు పిడి పొడవు కాబట్టి తక్కువ బలంతో తీగ తెగుతుంది. జేబు పనిముట్టుకు పిడి పొట్టి, అంతే తీగ తెగాలంటే చేయి ఎక్కువ నొక్కాలి. పొట్టి పిడికే అంచులు ఇంకా గుండ్రంగా ఉండాలి. ఇక పానా పేరుతో పిడి రేకులో ఆరు పలకల కంతలు కోశారు. డబ్బాలో నట్లు లోపలికి ఉంటాయి, రేకులో కోసిన కంత అక్కడిదాకా చేరదు. వైరు ఒలిచే గాడి అయితే తొడుగుతో పాటు రాగి పోగుల్ని కూడా కోస్తోంది. పోగులు తెగిన చోట కేబుల్ సన్నబడి జాయింటు వేడెక్కుతుంది. ప్లేయర్ కీలుకు రివెట్ కొట్టారు కాబట్టి వదులైతే బిగించుకునే దారి లేదు, అక్కడ స్క్రూ పెట్టండి.

అసలు ఇలాంటి పనిముట్లు ఎలా పుట్టాయో ఒకసారి గుర్తు చేసుకోండి. 1891లో స్విట్జర్లాండ్ సైనికులకు ఇచ్చిన మడత కత్తిలో ఉన్నవి నాలుగే: కత్తి, కంత చేసే దబ్బనం, డబ్బా మూత కోసేది, స్క్రూ డ్రైవర్. సైనికుడు డబ్బాలోని తిండి తినాలి, తుపాకీ విప్పి శుభ్రం చేసుకోవాలి, అందుకే ఆ నాలుగు. అమెరికాకు చెందిన టిమ్ లెదర్‌మన్ 1975లో పాత ఫియట్ కారులో దేశాలు తిరుగుతూ, అది మాటిమాటికీ ఆగిపోతుంటే జేబులోని కత్తికి ప్లేయర్ కూడా ఉంటే బాగుండుననుకున్నాడు. ఆ పనిముట్టు బజారుకు వచ్చేసరికి 1983 అయింది. ఆ మధ్య కాలమంతా మార్చిమార్చి తయారుచేసుకున్నాడు. ఆయన కంపెనీయే 1998లో తెచ్చిన వేవ్ మోడల్‌లో ప్లేయర్ విప్పకుండానే కత్తిని బయటి నుంచి ఒక్క చేత్తో తెరవొచ్చు. మాకూ అదే కావాలి, ఎందుకంటే రెండో చేతిలో ఎప్పుడూ కేబుల్ ఉంటుంది. మీ దాంట్లో కత్తి కావాలంటే ముందు ప్లేయర్ అంతా విప్పాలి, ఆ తర్వాత గోరుతో లాగాలి.

మీరు ముందు పద్దెనిమిది అనే అంకె పెట్టుకుని దాన్ని నింపినట్టుంది. నాకు పద్దెనిమిది వద్దు. గుండ్రటి అంచుల పిడి ఉన్న ప్లేయర్, దాని నోట్లోనే అరిగితే మార్చుకోగల కటర్, లాక్ ఉన్న కత్తి ఒకటి, గట్టి లాక్ ఉన్న 6.35 మి.మీ. బిట్ సాకెట్, కేబుల్ కొలతలకు సరిగ్గా కోసిన ఒలిచే గాడి. ఇవి చాలు. బరువు తగ్గుతుంది, చోటు మిగులుతుంది, ఆ చోట్లో లాక్ పడుతుంది. ధర ఇంకో ఐదు వందలు పెంచినా మా మెకానిక్‌లు కొంటారని నేను నమ్మకంగా చెప్పగలను. నమూనా తయారుచేస్తే పంపండి, పొలంలో వాడి చూసి ఎక్కడ బాగుంది, ఎక్కడ బాగోలేదు అని రాసి పంపుతాను. అందుకు డబ్బులేమీ అడగను.

ఇక నా డిమాండ్లు. పనిముట్టు ధర రూ.2,499, మావాడి వైద్యానికి అయిన ఖర్చు తిరిగి ఇవ్వాలి. "షాక్ ప్రూఫ్" అనే మాటను పెట్టె మీద నుంచీ ఆన్‌లైన్ పేజీ నుంచీ వెంటనే తీసేయాలి. ఇప్పటికే కొన్నవాళ్లకు, వాళ్ల ఫోన్ నంబర్లు మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి, కరెంటు ఉన్న తీగల మీద దీన్ని వాడొద్దని మెసేజ్ పంపాలి. నా డిమాండ్లన్నింటిలో నేను ముందు కోరేది ఆ మెసేజే. నా డబ్బు ఒక వారం ఆలస్యమైనా ఫర్వాలేదు, అది మాత్రం ఈ రోజే వెళ్లాలి. స్క్రూ డ్రైవర్‌కు లాక్ పెట్టేదాకా ఈ మోడల్ అమ్మకం ఆపాలి.

2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 84వ సెక్షన్ ప్రకారం తయారీలో లోపానికే కాదు, డిజైన్‌లో లోపానికీ, తగిన హెచ్చరిక ఇవ్వకపోవడానికీ తయారీదారే బాధ్యుడు. "అధిక బలం" అని ఒక్క మాట రాసి చేతులు దులుపుకుంటే కుదరదు. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. పనిముట్టును మళ్లీ మీకు పంపను, అది సాక్ష్యంగా నా దగ్గరే ఉంటుంది. మీ ఇంజనీరు వచ్చి చూస్తానంటే ఎప్పుడైనా రావచ్చు, నేనే పొలానికి తీసుకెళ్లి ఆ డబ్బా ముందు నిలబెట్టి చూపిస్తాను.

ఇట్లు,
బోరు మోటార్ల మెకానిక్, కదిరి ప్రాంతం

జతపరచినవి: కొనుగోలు బిల్లు నకలు, పెట్టె ముందువైపు ఫొటో, డ్రైవర్ మొదలు దగ్గర తీసిన ఫొటోలు, ఆసుపత్రి బిల్లు, మీ సర్వీస్ సెంటర్ ఇచ్చిన జవాబు నకలు.