ఐవీ ఆకు బొమ్మ సరే, మోతాదు ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

చర్మానికి రాసుకునే క్రీముల్లో కలిపే ఐవీ అనే తీగ ఆకు సారం గురించి గత ఆదివారం అనుబంధంలో మీరు వేసిన వ్యాసం చదివాను. మొక్కల సారాల నాణ్యత పరీక్షల్లో చాలాకాలం పనిచేసి రిటైరైన వాణ్ణి కనుక ఆసక్తిగానే మొదలుపెట్టాను. చివరికి వచ్చేసరికి ‘తాజా ఐవీ ఆకులు మెత్తగా నూరి ముఖానికి పట్టించండి’ అన్న సలహా కనిపించింది. ఈ ఉత్తరం దాని కోసమే.

ఐవీ పచ్చి ఆకుల్లో ఫాల్కారినాల్ అనే పదార్థం ఉంటుంది. ఐవీ తీగలు కత్తిరించే తోటపనివాళ్ల చేతుల మీద దద్దుర్లు, నీటిపొక్కులు లేవడానికి కారణం అదే. ఇది ఆలస్యంగా తేలే రకం అలర్జీ కాబట్టి ముట్టుకున్న వెంటనే మండదు, ఒకటి రెండు రోజులు గడిచాక బయటపడుతుంది. పైగా ఒంటికి ఒకసారి పడకపోవడం మొదలైతే ఆ తర్వాత తాకినప్పుడల్లా వస్తుంది. మొదటిసారి రాసుకున్నప్పుడు ఏమీ కాలేదన్న ధీమాతో రెండోసారి, మూడోసారి రాసుకునేవారే ఎక్కువగా ఇబ్బంది పడేది. అలాంటిదాన్ని, అదీ ముఖానికి, నూరి పట్టించమంటే ఎలా? అమెరికాలో అందరూ భయపడే ‘పాయిజన్ ఐవీ’ని కూడా మీ వ్యాసకర్త ఇందులోనే కలిపేశారు. అది పేరుకే ఐవీ. అసలు అది జీడిమామిడి కుటుంబపు మొక్క, దురద పెట్టే పదార్థం కూడా వేరే. మనం మాట్లాడుకుంటున్న ఐవీ (శాస్త్రీయ నామం హెడెరా హెలిక్స్) జిన్‌సెంగ్ కుటుంబానిది, ఐరోపా గోడల మీద పాకే పచ్చటి తీగ.

‘దగ్గుకు మందైన ఆకు చర్మానికి మేలు చేయకుండా ఉంటుందా’ అని వ్యాసంలో ఒక వాక్యం ఉంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. దగ్గు సిరప్‌లో ఉండే ఐవీకి ఒక చిరునామా ఉంది. ఐరోపా ఔషధ సంస్థ దీని మీద ప్రత్యేకంగా పత్రమే ప్రచురించింది. నాలుగు నుంచి ఎనిమిది పాళ్ల ఎండుటాకు నుంచి ఒక పాలు పొడి సారం రావాలి, దాన్ని 24 నుంచి 30 శాతం ఆల్కహాల్‌తో తీయాలి, కఫంతో కూడిన దగ్గుకు వాడాలి, రెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదు, వారం దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. ప్రతి బ్యాచ్‌లో ఐవీ ఆకులోని హెడెరాకోసైడ్-సి అనే పదార్థం ఎంతుందో కొలుస్తారు. ఇది సపోనిన్ల జాతిది, కుంకుడు రసం నురగ కట్టేదీ సపోనిన్ల వల్లే. ఇంత కట్టుదిట్టం ఉన్నా, జలుబు దగ్గుల్లో ఐవీ సామర్థ్యానికి గట్టి రుజువు లేదని 2011లో ఒక సమీక్ష తేల్చింది.

మరి క్రీమ్ మాటేమిటి? డబ్బా మీద ఆకు బొమ్మ, వెనక పదార్థాల పట్టికలో ‘హెడెరా హెలిక్స్ లీఫ్ ఎక్స్‌ట్రాక్ట్’ అనే నాలుగు మాటలు. అంతకుమించి ఏమీ ఉండదు. ఎన్ని పాళ్ల ఆకు నుంచి తీశారు, నీటితోనా గ్లిజరిన్‌తోనా, సారం చిక్కనిదా పలచనిదా, ఏదీ తెలియదు. పట్టికలో పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్న నియమం చాలా దేశాల్లో ఉన్నా, ఒక శాతం లోపున్నవాటిని ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. పాఠకులకు పనికొచ్చే చిన్న కిటుకు ఒకటి చెబుతాను. ఫినాక్సీఇథనాల్ అనే నిల్వ పదార్థాన్ని ఐరోపా నియమాల ప్రకారం ఒక శాతానికి మించి కలపకూడదు. ఆ నియమం పాటించిన సరుకులో ఐవీ పేరు దాని తర్వాత కనిపించిందంటే, ఐవీ కూడా ఒక శాతానికి మించి లేనట్టే. నేతిబీరలో నెయ్యి ఎంతో ఇందులో ఐవీ అంత.

తొడల మీది కొవ్వు గుంటలు పోతాయని అమ్మే క్రీముల్లో ఐవీ ఒంటరిగా రావడం అరుదు. పక్కనే కెఫీన్ ఉంటుంది, ఇంకో నాలుగు సారాలుంటాయి, మర్దన ఎలాగూ ఉంటుంది. చర్మం కాస్త బిగిసినట్టు అనిపిస్తే ఆ ఘనత దేనికి ఇవ్వాలి? ‘ఐవీ సన్‌స్క్రీన్’ సంగతీ ఇలాంటిదే. 2010లో టెనెసీ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎండను అడ్డుకునే గుణాన్ని పరీక్షించింది ఐవీ గోడకు అతుక్కునే చిన్న వేళ్ల నుంచి వచ్చే జిగురులోని అతి సూక్ష్మ కణాల్లో. ఆకులో కాదు. వ్యాసంలో ఆ ఖ్యాతిని ఆకుకు కట్టబెట్టారు.

ఐవీ సారం పనికిరాదని నేను అనడం లేదు. ఆకు బొమ్మ వేసి అమ్మేవారు మొక్కలో ఏ భాగం, ఎన్ని పాళ్లకు ఎంత, దేనితో తీశారు, ఎంత శాతం కలిపారు అన్నవి కూడా అచ్చువేయాలని నియమం తేవాలి. సిరప్ సీసా మీద వీటిలో చాలావరకు వేయగలుగుతున్నప్పుడు క్రీమ్ డబ్బా మీద చోటు చాలదనడం కుదరదు.

అది జరిగేలోపు మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. ఆ పచ్చి ఆకు ముద్ద సలహాను వెనక్కి తీసుకుంటూ సవరణ వేయండి. లోపలి పేజీలో మూలన కాకుండా, అదే అనుబంధంలో, అదే పేజీలో, అదే సైజు అక్షరాలతో.

ఇట్లు,
మీ పాత పాఠకుడు