ఇంట్లో ఆఫీసుకు తలుపే కీలకం
సంపాదకులకు,
ఇంటి నుంచి పని అనగానే ప్లానులో ఓ మూల బల్ల గీసి వదిలేస్తున్నారు. లోతు 60 సెంటీమీటర్లు, ఎత్తు 72-75 ఉంటే బల్లకు చాలు; అసలు చిక్కు శబ్దంతోనే. గోడలకు ఫోమ్ షీట్లు అంటిస్తే గదిలో ప్రతిధ్వని తగ్గుతుందే తప్ప పక్కగది టీవీ మోత ఆగదు. అది ఎక్కువగా దూరేది తలుపు సందుల్లోంచి. బోలు తలుపు తీసేసి గట్టి చెక్కది పెట్టినా, కింది సందు మూయకపోతే డబ్బు దండగ. చుట్టూ రబ్బరు పట్టీ, కింద డోర్ సీల్ బిగించాలి. (అప్పుడు గాలి ఆడే దారి వేరే చూసుకోవాలి మరి!) కిటికీ పక్కకు ఉండాలి: వీపు వెనకుంటే స్క్రీన్ మెరుస్తుంది, ఎదురుగా ఉంటే కళ్లు లాగుతాయి. ప్లగ్ పాయింట్లు బల్లకు జానెడు పైన, ప్లాస్టరింగుకు ముందే పెట్టించండి.
- ఇంటీరియర్ డిజైనర్ల బృందం